నాన్న అడిగిన వీడియో: బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎందుకు వణికింది?

అందరికీ నమస్తే అండీ. ఈ వీడియో నాన్న కోసం. రెండు వారాలుగా ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, ఆ స్టీరింగ్ వణుకు సంగతి ఏమైంది? చూపించు" అని అడుగుతున్నారు. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. బండి సంగతి పైపైన చెప్తే ఆయనకి ఆనదు, నట్టు దగ్గర్నుంచీ చూపించాలి. అందుకే ఈ శనివారం మా స్నేహితుల ఇంటి గ్యారేజీలో ఫోన్ స్టాండు పెట్టుకుని కూర్చున్నాను. మేముండేది అమెరికాలో, డెన్వర్‌లో అపార్ట్‌మెంట్. పార్కింగులో జాకీ పెట్టి బండి రిపేరు చేసుకోకూడదని మా లీజు కాగితంలోనే రాసి ఉంది. మన బండి, మనం అద్దె కట్టే జాగా, అయినా చక్రం విప్పకూడదు. ఆరేళ్ళయినా దీనికి మాత్రం నేను అలవాటు పడలేదు.

ముందు వణుకు ఎలా ఉండేదో చెప్తాను. హైవే మీద 60 మైళ్ళలో, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లలో వెళ్తున్నంతసేపూ బండి నున్నగా పోతుంది. బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగ్ చేతుల్లో గడగడా ఊగేది. స్పీడు తగ్గేకొద్దీ ఆ ఊపు పెడల్ కిందికి దిగి, కాలికి నాడి కొట్టుకున్నట్టు తెలిసేది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. బ్రేకు వేయకపోయినా ఊగుతుంటే టైరు బ్యాలెన్సో, అలైన్‌మెంటో చూసుకోవాలి. బ్రేకు వేసినప్పుడే ఊగుతుంటే రోటర్ మీద అనుమానం. మన దగ్గర డిస్క్ అనేదాన్నే ఇక్కడ రోటర్ అంటారు, చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం. బ్రేకు వేస్తే ప్యాడ్లు దాన్ని రెండువైపులా నొక్కి ఆపుతాయి. స్టీరింగ్ ఊగితే చాలావరకు ముందు చక్రాలది, సీటు ఊగితే వెనకవాటిది.

మాకిది జూలైలో మొదలైంది. మా ఆయనా, చిన్నోడూ, నేనూ పైక్స్ పీక్ వెళ్ళాం. కొలరాడో స్ప్రింగ్స్ పక్కన 14,115 అడుగుల కొండ అది, శిఖరం దాకా కారులో వెళ్ళొచ్చు. 19 మైళ్ళ రోడ్డు. 1916 నుంచీ ఆ కొండ మీద కార్ల రేసు జరుగుతోంది, అప్పట్లో మట్టిరోడ్డే. మొత్తం తారు పడింది 2011లో. ఎక్కడం హాయిగా ఎక్కేశాం. పైన గాలి పల్చగా ఉండి చిన్నోడికి తల తిరిగింది, డోనట్ చేతిలో పెట్టాక సర్దుకున్నాడు. తంటా అంతా దిగేటప్పుడే.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కొండ కొంత దిగాక, దాదాపు 11,400 అడుగుల దగ్గర, గ్లెన్ కోవ్ అనే చోట ప్రతి కారునీ ఆపుతారు. లైసెన్సు కోసం కాదు, టికెట్ కోసం కాదు. రేంజర్ ఒక చిన్న గన్ లాంటిది చక్రం వైపు పెట్టి బ్రేకు వేడి చూస్తారు, జ్వరం చూసినట్టు! మన ఘాట్ రోడ్ల మీద "లో గేరులో నడపండి" అని బోర్డు ఉంటుంది, చదివినవాళ్ళు చదువుతారు. ఇక్కడ ఒక మనిషి నిలబడి నీ బండి నుదురు పట్టుకుని చూస్తుంది. మా బండిది 340 ఫారెన్‌హీట్, అంటే 170 సెల్సియస్ వచ్చింది. "పక్కన పెట్టి అరగంట చల్లారనివ్వండి, తర్వాత లో గేరులో దిగండి" అని ఆ రేంజరమ్మ ఎంతో నెమ్మదిగా చెప్పింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆర్టీసీ డ్రైవరు కూతుర్ని, బ్రేకులు కాల్చుకుని నిలబడ్డాను.

ఆ వాసన మీలో ఎంతమందికి తెలుసో. మాడిన బ్రేకు వాసన. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న బస్సులో ఇంజను పక్కన బాక్సు మీద కూర్చుని ఘాట్ దిగేదాన్ని. ముందు పోయే లారీల దగ్గర్నుంచి అదే వాసన వచ్చేది. నాన్న గేరు కర్ర మీద చెయ్యి వేసి "ఎక్కిన గేరులోనే దిగాలి" అనేవారు, నాకు చెప్తున్నట్టు కాదు, బస్సుకి చెప్తున్నట్టు. ఆ అరగంటా గ్లెన్ కోవ్‌లో రాతి మీద కూర్చుని నేను అదే గుర్తుచేసుకున్నాను. నాన్న నేను నడిపే బండి ఇంతవరకు ఎక్కలేదు. మోకాళ్ళు ఆపరేషనయ్యాయి, అంత దూరం ప్రయాణం వద్దన్నారు డాక్టరు.

సరే, పనిలోకి వద్దాం. శిఖరం నుంచి గ్లెన్ కోవ్ దాకా దాదాపు 800 మీటర్ల దిగుడు. మనుషులతో కలిపి మా బండి 1,800 కిలోలనుకుంటే, ఆ ఎత్తు దిగేటప్పుడు వచ్చే శక్తి దాదాపు 4 యూనిట్ల కరెంటు. 2 కిలోవాట్ల గీజరు రెండు గంటలు ఆన్‌లో ఉన్నట్టు. గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజను మింగేస్తుంది. నేను ఆటోమేటిక్ గేరుని మామూలు "డ్రైవ్"లోనే వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగాను కాబట్టి, ఎక్కువ భాగం నాలుగు ఇనప పళ్ళేల్లోకే పోయింది.

అయితే వేడెక్కగానే రోటర్ అప్పడంలా వంకర పోతుందని మాత్రం అనుకోకండి. అందరూ "రోటర్ వంగింది" అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. పోత ఇనుము అంత తేలిగ్గా వంగదు. మామూలు కార్లలో జరిగేది వేరు, అది రెండు రకాలు. రెండూ మా బండిలోనే దొరికాయి.

ఇదిగో, చక్రం విప్పాను, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ నీలం మచ్చ చూశారా? సరిగ్గా బ్రేకు ప్యాడ్ ఆకారం. ఇస్త్రీ పెట్టె బట్ట మీద ఆపేస్తే పడే మరక ఉంటుందే, అదే ఇది. గ్లెన్ కోవ్ ముందు కార్ల వరుస ఉంది. వాలు రోడ్డు కదా, బండి జారకుండా కాలితో గట్టిగా నొక్కిపట్టి నాలుగైదు నిమిషాలు ఉన్నాను. కాలుతున్న ప్యాడ్ ఒకేచోట అతుక్కుని తన పదార్థాన్ని రోటర్ మీద అచ్చుగా వదిలేసింది. తర్వాత ఆ అచ్చు దగ్గర పట్టు ఎక్కువ, వేడి ఎక్కువ. ఆ వేడి మరీ పెరిగితే కింద ఇనుము కూడా మారిపోయి సిమెంటైట్ అనే గట్టి పదార్థం అవుతుంది. చుట్టుపక్కల ఇనుము అరుగుతుంది, ఆ మచ్చ అరగదు. అలా రోజురోజుకీ మిట్ట లేస్తుంది.

రెండోది మచ్చకన్నా పాతది. రోటర్ తీసి వెనక హబ్, అంటే రోటర్ ఆనుకుని కూర్చునే భాగం, చూస్తే ముఖమంతా తుప్పు. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ కొడతారు, అది బండి అడుగునంతా తింటుంది. తుప్పు పెచ్చు మీద రోటర్ కూర్చుంటే తిన్నగా కూర్చోదు. పైగా వసంతంలో ఒక షాపులో టైర్లు మార్పించినప్పుడు కుర్రాడు గాలి గన్‌తో నట్లన్నీ టకటకా బిగించేశాడు. ఒక నట్టు నేను రెంచి మీద నిలబడితే తప్ప రాలేదు, పక్కది చేత్తోనే వచ్చింది. ఇలా రోటర్ కాస్త పక్కకి ఊగుతూ తిరిగితే మొదట ఏమీ తెలియదు. కానీ బ్రేకు వేయకపోయినా, తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. కొన్ని వేల మైళ్ళకి అక్కడ పల్చబడుతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు.

కొలవకుండా ఏదీ నమ్మకూడదు కాబట్టి ఊగుడు కొలిచే డయల్ గేజ్ పెట్టాను. ముల్లు చూడండి. రోటర్ ఒక చుట్టు తిప్పితే 0.1 మిల్లీమీటరు ఊగింది. మామూలు తెల్ల కాగితం మందం అంత. దాన్ని తీసి, హబ్‌ని వైర్ బ్రష్‌తో పది నిమిషాలు రుద్ది మెరిసేలా చేసి, అదే పాత రోటర్ మళ్ళీ పెట్టి కొలిస్తే 0.04కి వచ్చింది. తుప్పు పెచ్చు చేసిన పని అది! మైక్రోమీటర్‌తో ఎనిమిది చోట్ల మందం చూస్తే, ఎక్కువకీ తక్కువకీ తేడా 0.03 మిల్లీమీటరు. కాగితంలో మూడో వంతు. 60 మైళ్ళలో చక్రం సెకనుకి దాదాపు 13 సార్లు తిరుగుతుంది. ఆ మూడో వంతు కాగితం సెకనుకి 13 సార్లు వచ్చి ప్యాడ్‌ని కొడుతుంటే, అదే స్టీరింగ్ దాకా పాకుతుంది.

ఈ టూల్స్ కొనలేదండీ. ఇక్కడ విడిభాగాల షాపులు చాలావాటిలో డిపాజిట్ కడితే టూల్ ఇస్తారు. వాడుకుని తిరిగిచ్చేస్తే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తారు. ఈ దేశంలో నాకు ఇష్టమైన వాటిలో ఇదొకటి.

నాన్న అప్పుడే ఫోన్‌లో "లేతు పట్టిస్తే పోదా? మా డ్రమ్ములు ఓవల్ అయితే అలాగే చేసేవాళ్ళం" అన్నారు. అంటే లేతు మిషను మీద పైపొర చెక్కించి చదును చేయించడం. మంచి ప్రశ్న నాన్నా. చాలా బండ్లకి పోతుంది కూడా. కానీ రోటర్ మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది, దానికన్నా పల్చబడితే వాడకూడదు. మాది కొత్తప్పుడు 28 మిల్లీమీటర్లు, కనీసం 26, ఇప్పుడు 26.2. లేతు పట్టిస్తే మిగిలేదేమీ లేదు. పైగా ఆ సిమెంటైట్ మచ్చ లోపలికి దిగి ఉంటే, పైన చెక్కినా కొన్నాళ్ళకి మళ్ళీ లేస్తుంది. మచ్చ కొత్తగా, పైపైన ఉంటే మాత్రం, కింద చెప్పబోయే పద్ధతిలో ప్యాడ్ పూత మళ్ళీ సమానంగా పట్టేలా చేస్తే కొన్నిసార్లు అదే పోతుంది.

కాబట్టి ముందు చక్రాల రెండు రోటర్లూ, ప్యాడ్లూ మార్చేశాను. బయట ఒకచోట అడిగితే ముందువాటికే 640 డాలర్లన్నారు. డాలరుకి 85 వేసుకుంటే 54,400 రూపాయలు. సామాను మాకు 190 అయింది, 16,150 రూపాయలు. నట్టు ఎంత బిగుతు కావాలో అంతే బిగించే టార్క్ రెంచ్ మాత్రం 40 డాలర్లు పెట్టి సొంతానికి కొనుక్కున్నాను. మిగిలిన డబ్బు గురించి మా ఆయనతో చర్చ ఇంకా నడుస్తోంది.

బిగించేటప్పుడు జాకీని నమ్ముకుని బండి కిందికి వెళ్ళకండి, జాక్ స్టాండులు తప్పనిసరి. ప్యాడ్లని పట్టుకుని నొక్కే కాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. దాని పిన్నులు చేత్తో తోస్తే జారుతున్నాయో లేదో చూడండి, పట్టేస్తే ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. కొత్త రోటర్‌కి నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో కడిగేయాలి. చివరగా నట్లు. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుది, నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో. మా బండి మాన్యువల్‌లో బిగింపు 80 ఫుట్-పౌండ్లు. రెంచి "టిక్" అనగానే ఆపేయాలి.

అక్కడితో అయిపోలేదు. కొత్త ప్యాడ్ తన పదార్థాన్ని రోటర్ అంతటా సమానంగా పూయాలి. అందుకని ఖాళీ రోడ్డు చూసుకుని 40 మైళ్ళ నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పది సార్లు తగ్గించాను. తర్వాత బ్రేకు జోలికి పోకుండా కాసేపు నడిపి చల్లార్చాను. ఆ వేడిలో ఎర్రలైటు దగ్గర గట్టిగా నొక్కి నిలబడితే మళ్ళీ అదే ఇస్త్రీ మరక.

ఇప్పుడు హైవే మీద ఉన్నాం. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద స్టాండుకి పెట్టాను, నాన్న వీడియో కాల్‌లో ఉన్నారు. 60 మైళ్ళు. వెనక ఎవరూ లేరు. బ్రేకు వేస్తున్నాను... స్టీరింగ్ చూడండి. కదల్లేదు. నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి "ఇంకోసారి వెయ్యమ్మా" అన్నారు. ఇంకోసారి వేశాను.

డిసెంబరులో ఇంటికొస్తున్నాను కదా, పాత రోటర్ తీసుకురమ్మన్నారు, ఆ మచ్చ చేత్తో తడిమి చూడాలట. ఒక్కోటి తొమ్మిది కిలోలుంది. 23 కిలోల సూట్‌కేసులో అమ్మ జాబితా ఒకటుంది, పిన్ని జాబితా ఇంకొకటుంది. అయినా ఒక రోటర్‌ని తుడిచి, కాగితం చుట్టి, మంచం కింద పెట్టాను.