తన చెయ్యే తనను కొడితే: బ్రూస్ క్యాంప్‌బెల్ హారర్ కామెడీ నటన మీద రివ్యూ

అందరికీ నమస్కారం.

2022లో డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాను తెలుగులో చూసినవాళ్లకు ఒక చిన్న పాత్ర గుర్తుండే ఉంటుంది. రోడ్డు పక్కన బండి పెట్టుకుని పిజ్జా ఉండలు అమ్మే మనిషి. డబ్బులివ్వలేదని గొడవకు దిగుతాడు, హీరో మంత్రం వేస్తాడు, అంతే, ఆ మనిషి చెయ్యి ఆ మనిషి ముఖాన్నే ఎడాపెడా బాదడం మొదలుపెడుతుంది. చూసినవాళ్లు నవ్వుకుని మరిచిపోయి ఉంటారు. ఆ నటుడి పేరు బ్రూస్ క్యాంప్‌బెల్. ఆ దర్శకుడు శామ్ రైమీ. ఈ ఇద్దరూ అదే చేతిని, అదే దెబ్బలను 1987లోనే ఒకసారి తెరకెక్కించారు. అప్పుడు వాళ్లు చేసింది హారర్ కామెడీలో నేను చూసిన అత్యుత్తమ నటన. ఈ రోజు వీడియో దాని గురించే.

సాధారణంగా నేను ఒక సినిమా తీసుకుని కథ, సంగీతం, ఛాయాగ్రహణం అంటూ మాట్లాడతాను. ఈసారి ఒక నటుడి పనిని రివ్యూ చేస్తున్నాను. ఎందుకంటే దెయ్యాల కామెడీ అనగానే మనం గ్రాఫిక్స్ గురించి, మేకప్ గురించి, పంచ్ డైలాగుల గురించి మాట్లాడుకుంటాం. దెబ్బలు తినే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. ఈ తరహా సినిమా నిలబడేది ఆ మనిషి వల్లే అని నా గట్టి నమ్మకం. అతను తన భయాన్ని నూటికి నూరు పాళ్లు నమ్మాలి. తన మీద మనం నవ్వుతున్నామన్న సంగతి అతనికి తెలిసినట్టు ఒక్క క్షణం కనిపించినా అటు హారర్ పోతుంది, ఇటు కామెడీ పోతుంది.

క్యాంప్‌బెల్ 1958లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. తండ్రి ప్రకటనల రంగంలో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు స్థానిక నాటక సమాజంలో వేషాలు వేసేవారు. మన ఊళ్లలో బడిపంతుళ్లు, గుమాస్తాలు పగలు పని చేసుకుని రాత్రి పరిషత్తు నాటకాలకు రిహార్సల్స్ చేసేవాళ్లు కదా, అలాంటి కుటుంబం. బ్రూస్ కూడా చిన్నప్పుడే, అనారోగ్యంతో రాలేకపోయిన ఒక కుర్రాడికి బదులుగా రాజకుమారుడి వేషంతో రంగస్థలం ఎక్కారు. ఆ తర్వాత వేసవిలో ట్రావర్స్ సిటీలోని ఒక నాటకశాలలో జీతం లేని సహాయకుడిగా చేరి సెట్లు మోయడం, సామాను సర్దడం, పేరున్న నటులకు కావలసినవి అందించడం అన్నీ చేశారు. నటన అంటే ముందు ఒళ్లు వంచి చేసే పని అని ఆయనకు అక్కడే పట్టుబడిందని నాకనిపిస్తుంది. 2001లో రాసిన ఆత్మకథకు తనను తాను 'బి' తరగతి సినిమాల, అంటే తక్కువ ఖర్చుతో తీసే చిన్న సినిమాల, నటుడిగా చెప్పుకుంటూ ఉపశీర్షిక పెట్టారు. ఆ మాటలో తనను తాను తక్కువ చేసుకోవడం లేదు. వృత్తి గౌరవం ఉంది.

శామ్ రైమీ పరిచయమైంది హైస్కూల్లో. సూపర్ ఎయిట్ అనే చిన్న ఫిల్మ్ కెమెరాతో ఈ కుర్రాళ్లు తీసుకున్న పొట్టి సినిమాలన్నీ కింద పడటం, గోడకు గుద్దుకోవడం, చెంపదెబ్బలు తినడం. 'త్రీ స్టూజెస్' అనే హాస్యబృందమంటే ఇద్దరికీ ప్రాణం. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వీళ్లు హారర్‌లోకి దిగింది దాని మీద మోజుతో మాత్రమే కాదు. చేతిలో డబ్బు లేని కొత్తవాళ్లు తీసినా, కార్లలోనే కూర్చుని చూసే డ్రైవ్ ఇన్ థియేటర్లలో అమ్ముడుపోయేవి దెయ్యాల సినిమాలే. ముందు నమూనాగా ఒక పొట్టి చిత్రం తీసి, దాన్ని చూపించి పెట్టుబడి పోగుచేసి, 1979 చలికాలంలో టెనెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర అడవిలో ఒక పాడుబడ్డ గుడిసెకు చేరారు. అక్కడ తీసిందే 'ది ఈవిల్ డెడ్'.

ఆ షూటింగ్ గురించి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆరు వారాలనుకున్నది సుమారు పన్నెండు వారాలు సాగింది. గుడిసెలో నీటి సౌకర్యం లేదు. చివరి రోజుల్లో చలికి తట్టుకోలేక సెట్లోని కుర్చీలు, బల్లలు విరగ్గొట్టి మంట వేసుకున్నారు. నెత్తురు కోసం వాడింది మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు, కాఫీలో కలుపుకునే క్రీమరు పొడి. ఆ పాకాన్ని ఒంటి మీద గుమ్మరించుకుని గడ్డకట్టే చలిలో రాత్రంతా నిలబడటాన్ని ఒక్కసారి ఊహించండి. చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. ఒకసారి ఆరబెట్టిన చొక్కాను తొడుక్కోబోతే గట్టిపడిన పాకంతో అది విరిగిపోయిందట. చెట్టు వేరు తట్టుకుని ఆయన కాలు బెణికితే, ఆ నొప్పి ముఖంలో కనిపించాలని స్నేహితులు ఆ దెబ్బ మీదే కర్రలతో పొడిచారు. కుర్రతనపు మొరటు సరదా అది. ఈ కాలంలో ఏ సెట్లోనూ ఒప్పుకోకూడనిది.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది క్యాంప్‌బెల్ దగ్గరే ఆగిపోతారు. ఎలెన్ శాండ్‌వైస్, బెట్సీ బేకర్, థెరెసా టిల్లీ. దెయ్యం పట్టినప్పుడు కళ్లు తెల్లగా కనిపించాలని వాళ్లకు కనుగుడ్డు మొత్తాన్ని కప్పేసే మందపాటి లెన్సులు పెట్టారు. పెట్టుకుంటే ఏమీ కనిపించదు. కాసేపటికే తీసి కళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. ఆ గుడ్డితనంలోనే దూకారు, అరిచారు, కొట్టారు. ముఖానికి వేసిన అచ్చు తీసేటప్పుడు బెట్సీ బేకర్ కనురెప్పల వెంట్రుకలు ఊడి వచ్చేశాయి. నేల మీద కూర్చుని చిన్నపిల్లలా పాడుతూ నవ్వే బేకర్ దెయ్యం నాకు ఇప్పటికీ ఆ సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన విషయం. ఒక్క చుక్క నెత్తురు లేకుండా భయపెట్టింది ఆమె.

1981లో డెట్రాయిట్‌లో తొలి ప్రదర్శన జరిగింది. తర్వాత కాన్స్ చిత్రోత్సవంలో చూసిన రచయిత స్టీఫెన్ కింగ్ గట్టిగా మెచ్చుకోవడంతో దానికి దారి దొరికింది. కానీ నటుడిగా క్యాంప్‌బెల్ ఆ మొదటి సినిమాలో ఇంకా పచ్చిగానే ఉన్నారు. సంభాషణలు తడబడతాయి, చాలా సేపు బిక్కచచ్చి నిలబడటమే పని. అసలు విశేషం రెండో భాగం.

'ఈవిల్ డెడ్ 2' 1987లో వచ్చింది. కథ పెద్దగా లేదు. అదే గుడిసె, మొదటి భాగంలో క్యాంప్‌బెల్ వేసిన అదే ఆష్ అనే యువకుడు. మొదటి కొద్ది నిమిషాల్లోనే ప్రేయసిని పోగొట్టుకుని ఒంటరి అవుతాడు. మిగతా పాత్రలు వచ్చేదాకా తెర మీద మాట్లాడటానికి ఇంకో మనిషి లేడు. మన సినిమాల్లో అయితే ఈ చోట నలుగురు హాస్యనటులు ఉంటారు. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక తెలుగులో హారర్ కామెడీలు వరుస కట్టాయి. వాటిలో నాకు ఇష్టమైనవి ఉన్నాయి. అయితే చాలావాటిలో పని విభజన ఒకటే. దెయ్యం ఒకరు, హీరో ఒకరు, తన్నులు తిని నవ్వించేది ఇంకొకరు. ఇక్కడ ముగ్గురూ ఒక్క మనిషే.

వంటగది దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. దెయ్యం ఆవహించిన ప్రేయసి తెగిన తల వచ్చి కొరికినందువల్ల ఆష్ కుడిచేతికి కూడా దెయ్యం పట్టింది. చేతికి మాత్రమే, మనిషికి కాదు. ఆ చెయ్యి జుట్టు పట్టుకుంటుంది, తలను వంచి గుద్దుతుంది, అందిన పళ్లాన్నల్లా తీసి నెత్తిన పగలగొడుతుంది. పొట్టలో గుద్ది, పట్టుకుని గాలిలో పల్టీ కొట్టిస్తుంది. మనిషి స్పృహ తప్పి పడిపోతే, ఆ బరువునంతా వేళ్లతో నేల మీద ఈడ్చుకుంటూ కత్తి వైపు పాకుతుంది. ఇక్కడ గ్రాఫిక్స్ లేవు. ఒక మనిషి తన జుట్టు తనే పట్టుకుని తనను తానే ఎత్తి పడేసుకుంటున్నాడు.

దీన్ని మళ్లీ మళ్లీ చూసి నేను గమనించింది చెబుతాను. దెబ్బ పడేటప్పుడు ఆయన కళ్లు చేతి కంటే ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతాయి. చెయ్యి ఏం చేయబోతోందో ముఖానికి ముందుగా తెలియదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మనం ఒక దెబ్బ కొట్టాలనుకున్నప్పుడు భుజం, మెడ, చూపు అన్నీ కలిసి సిద్ధమవుతాయి. ఆ సిద్ధపాటును శరీరంలో సగభాగంలో దాచేయాలి. కుడి మోచేయి లాగుతుంటే ఎడమ భుజం వెనక్కి గుంజాలి. పాదాలు మాత్రం నేలను వెతుక్కుంటూ జారాలి. పల్టీ కొట్టే ముందు మోకాళ్లు వంగాలి కానీ వంగినట్టు కనిపించకూడదు. హైస్కూలు రోజుల్లో కింద పడి పడి నేర్చుకున్నదంతా ఇక్కడికి వచ్చి చేరింది.

ఇన్ని చేస్తూ కూడా ఆయన ముఖంలో ఉన్నది నొప్పి, కోపం, అవమానం. నవ్వించాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. ఆఖరికి కత్తితో ఆ చేతిని నేలకు గుచ్చి, మోటారు రంపం తీసి తన మణికట్టు తనే కోసుకుంటాడు. అప్పుడు నవ్వేది ఆష్ మాత్రమే. అది పిచ్చి పట్టిన నవ్వు. మనం అప్పటిదాకా నవ్వి ఉంటాం, ఆ క్షణంలో నోరు మూసుకుపోతుంది.

ఇంకో దృశ్యం కూడా ఉంది. గోడ మీది జింక తల అతని వైపు తిరిగి నవ్వడం మొదలుపెడుతుంది. తర్వాత బల్ల మీది దీపం, అల్మారా, పుస్తకాలు, గది మొత్తం పగలబడి నవ్వుతుంది. ఆష్ కూడా వాటితో కలిసి నవ్వుతాడు. దీపం ఎలా ఊగితే అలా ఊగుతాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో, ఏడుపు ఎక్కడ అరుపైందో మనకు గీత కనిపించదు. మాట లేదు. హారర్ కామెడీ నటన అంటే ఏమిటని అడిగితే నేను ఈ ఒక్క దృశ్యం చూపిస్తాను.

మూడో భాగం 'ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్' గురించి త్వరగా చెప్పేస్తాను. ఆష్ మధ్యయుగాలకు వెళ్లిపడతాడు, మంచి ఆష్, చెడ్డ ఆష్ రెండు వేషాలూ క్యాంప్‌బెల్‌వే, అస్థిపంజరాల సైన్యంతో యుద్ధం. ఎదురుగా లేని శత్రువుతో లెక్క ప్రకారం కత్తి తిప్పడం గొప్ప క్రమశిక్షణే. సరదాగా ఉంటుంది. కానీ ఇందులో ఆష్ తనే హీరోనని తెలిసి మాట్లాడే మనిషి అయిపోయాడు. భయపడటం తగ్గింది. భయం తగ్గినచోట నా ఆసక్తి కూడా తగ్గింది. ఇది చాలామంది అభిమానులకు నచ్చని మాట అని తెలుసు, అయినా నా అభిప్రాయం ఇదే.

ఇక నాటకం సంగతి. 2003లో టొరంటోలో ఈ సినిమాల ఆధారంగా ఒక సంగీత నాటకం మొదలైంది. 2006లో న్యూయార్క్‌కు వెళ్లింది. రెండు చోట్లా ఆష్ వేషం వేసింది ర్యాన్ వార్డ్ అనే నటుడు. ముందు వరుసల్లో కూర్చున్న ప్రేక్షకుల మీద ఎర్రనీళ్లు చిమ్ముతారు. కావాలని తెల్ల చొక్కాలు వేసుకొచ్చి ఆ సీట్ల కోసమే పోటీ పడేవాళ్లున్నారు. నటుడి వైపు నుంచి ఆలోచించండి. సినిమాలో ఒక దెబ్బ తప్పితే ఇంకో టేక్ ఉంది. వేదిక మీద పాట పాడుతూ, ఊపిరి నిలుపుకుంటూ, తన చేతితో తనే కొట్లాడుతూ, రంగునీళ్లతో తడిసి జారే నేల మీద నిలదొక్కుకోవాలి. మర్నాడు మళ్లీ అదే. సురభి నాటకాల్లో మంటలు, మాయమవడాలు, గాలిలో ఎగిరే దృశ్యాలు చూసిన తెలుగు ప్రేక్షకులకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ట్రిక్కు ఎంత గొప్పదైనా, ఆ క్షణానికి ఆ గుర్తు మీద నటుడు నిలబడి ఉంటేనే అది పండుతుంది.

క్యాంప్‌బెల్ చేసినవాటిలో నాకు మనసుకు దగ్గరైనది 2002 నాటి 'బబ్బా హో-టెప్'. టెక్సస్‌లోని ఒక వృద్ధాశ్రమం. తానే గాయకుడు ఎల్విస్ ప్రెస్లీనంటాడు ఒక ముసలాయన, అది క్యాంప్‌బెల్ వేషం. తానే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీనంటాడు ఇంకొకాయన, ఆ పాత్ర వేసింది మహానటుడు ఆసీ డేవిస్. ముసలివాళ్ల ప్రాణాలు పీల్చే ఈజిప్టు మమ్మీతో వీళ్లిద్దరూ పోరాడాలి. వినడానికి ఎంత విడ్డూరంగా ఉందో చూడండి. కానీ క్యాంప్‌బెల్ ఆ వాకరు పట్టుకుని అడుగు తీసి అడుగు వేసే తీరులో, దూరమైపోయిన కూతురిని తలుచుకునే తీరులో వెటకారం మచ్చుకైనా లేదు. పల్టీలు కొట్టిన ఆ శరీరమే ఇక్కడ మంచం దిగడానికి కష్టపడుతుంది. రెండు సినిమాలూ ఒకే వారంలో చూస్తే ఆయన స్థాయి ఏమిటో అర్థమవుతుంది.

2015 నుంచి 2018 దాకా 'ఆష్ వర్సెస్ ఈవిల్ డెడ్' పేరుతో మూడు సీజన్ల సిరీస్ వచ్చింది. న్యూజిలాండ్‌లో తీశారు. యాభై దాటిన వయసులో మళ్లీ రంపం, మళ్లీ బకెట్ల కొద్దీ నెత్తురు. అది ఆగిపోయాక తెర మీద ఇక ఆష్ వేషం వేయనని ప్రకటించారు.

చూడాలనుకునేవాళ్లకు నా సలహా. ఇవన్నీ పెద్దలకే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. మొదటి సినిమాలో చెట్లు ఒక అమ్మాయి మీద చేసే దాడి దృశ్యం క్రూరమైనది, కథకు అవసరం లేనిది. దాన్ని నేను సమర్థించను. అందుకని రెండో భాగంతో మొదలుపెట్టండి, మొదటిది చూడకపోయినా అర్థమవుతుంది. ఆ తర్వాత నేరుగా 'బబ్బా హో-టెప్'కు వెళ్లండి. నాటకాలు వేసేవాళ్లు, నటన నేర్చుకుంటున్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ వంటగది దృశ్యాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, కొట్టే కుడిచేతిని వదిలేసి, ఆయన ఎడమ భుజాన్నీ పాదాలనూ మాత్రమే గమనించండి. మీకు ఏం కనిపించిందో కింద రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.