లియోన్‌లోని రెండు కంచు ఫలకాలు

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా ప్రసంగ విషయం ‘ఐరోపా సంస్కృతిపై రోమన్ల ప్రభావం’ అని అచ్చయింది. నేను రాసి పంపినది ‘రోమన్లు, కెల్టుల ప్రభావం’. చోటు చాలక ఒక మాట తీసేశామని నిర్వాహకులు చెప్పారు. చోటు చాలనప్పుడల్లా తీసేసేది, రోమన్లు రాకముందే పశ్చిమ ఐరోపాలో విస్తరించి ఉన్న ఈ కెల్టు తెగలనే. నేను చదువుకున్న చరిత్ర పుస్తకాలూ ఆ పనే చేశాయి. అందువల్ల రోమన్ల రహదారులనూ న్యాయశాస్త్రాన్నీ మీకు తెలిసినవేనని వదిలేసి, ఫ్రాన్స్ దేశంలో లియోన్ నగరపు మ్యూజియంలో ఉన్న రెండు కంచు ఫలకాల గురించే ప్రధానంగా మాట్లాడతాను.

మొదటిది క్లాడియస్ చక్రవర్తి ప్రసంగం. ఆయన పుట్టింది క్రీ.పూ. 10లో, ఆ లియోన్‌లోనే. జూలియస్ సీజర్ జయించిన గాల్ దేశపు, అంటే దాదాపు నేటి ఫ్రాన్స్ ప్రాంతపు, కెల్టు ప్రముఖులకు రోమ్ పెద్దల సభ అయిన సెనేట్‌లో స్థానం ఇవ్వాలని క్రీ.శ. 48లో ఆయన వాదించాడు. కృతజ్ఞతతో కాబోలు, ఆ ప్రసంగాన్ని లియోన్‌లో కంచుపై చెక్కించారు. 1528లో ఒక బట్టల వ్యాపారి ద్రాక్షతోటలో అది బయటపడింది. రోమ్‌ను ఏలిన తొలి రాజుల్లోనే పరాయివారున్నారని మొదలుపెట్టిన చక్రవర్తి ఎక్కడెక్కడికో వెళ్లిపోతాడు. నడుమ ఒక చోట, ఈ ప్రసంగం ఎటు పోతోందో సభ్యులకు చెప్పే వేళయిందని ఆయన పేరు పెట్టి హెచ్చరించే వాక్యం ఉంది. తనను తానే హెచ్చరించుకున్నాడో, సభలో ఎవరైనా అడ్డుపడ్డారో పండితులు తేల్చుకోలేకపోయారు. నాబోటి వక్తలకు ఇంతకు మించిన ఊరట లేదు. ఏమైతేనేం, గాల్‌లోని ఎడ్యూయీ అనే కెల్టు తెగవారికి సెనేట్ తలుపులు తెరుచుకున్నాయి. కానీ కెల్టుల గురువులైన డ్రూయిడ్‌ల మతాన్ని పూర్తిగా నిషేధించినది కూడా ఈ క్లాడియస్సేనని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. పదవి ఇచ్చినవాడే గురుపీఠాన్ని కూలదోశాడన్నమాట.

ఇక రెండో ఫలకం. 1897లో కొలిన్యీ గ్రామం దగ్గర సుమారు 150 ముక్కలుగా దొరికిన ఈ కంచు పంచాంగం క్రీ.శ. రెండో శతాబ్దానిదని అంచనా, అంటే ఆ నిషేధం తరువాతి కాలానిది. అక్షరాలూ అంకెలూ రోమన్లవి, భాష గాల్ కెల్టులది. డ్రూయిడ్‌లు తమ విద్యను రాతలో పెట్టరని సీజర్ చెప్పిన ఆ ప్రజల కాలగణన, గెలిచినవారి లిపిలోనే మనదాకా వచ్చింది. ఐదేళ్లకు 62 నెలలు, వాటిలో రెండు అధిక మాసాలు. ప్రతి నెలా రెండు భాగాలు, మొదటిదానికి 15 రోజులు, రెండోదానికి 14 లేదా 15. ప్రతి తేదీ పక్కనా ఒక చిన్న రంధ్రం ఉంది. ఏ రోజుకు ఆ రోజు అందులో చీల గుచ్చేవారని భావిస్తున్నారు. చంద్రుణ్ణి లెక్కచేయని సీజర్ క్యాలెండర్ రాజ్యమంతటా అమలులో ఉండగా, అక్కడి జనం ఈ లెక్కనూ వదులుకోలేదు.

మన వేదాంగ జ్యోతిషంలోనూ ఐదేళ్ల యుగానికి 62 చాంద్రమాసాలే. అయ్యా, దయచేసి ఇక్కడ చప్పట్లు కొట్టవద్దు! వారు మన దగ్గర నేర్చుకున్నారని నేను అనలేదు. సూర్యచంద్రుల గతులను ఐదేళ్లకు సరిపెట్టబోతే ఎవరికైనా దాదాపు ఆ సంఖ్యే వస్తుంది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. కెల్టుల అశ్వదేవత ఎపోనాను రోమన్ ఆశ్వికదళాలు కొలిచాయి; గాల్ ప్రజల కొయ్య పీపాలు క్రమంగా మట్టి జాడీల స్థానంలో ద్రాక్షసారాను మోశాయి. గాల్‌లో కెల్టు భాష కాలక్రమంలో అంతరించిపోయినా, రోమ్ ఎన్నడూ జయించని ఐర్లండ్‌లో నిలిచింది. ఆ ఐర్లండ్ నుంచే కొలంబానస్ అనే క్రైస్తవ సన్యాసి లాటిన్ చదువుతో ఐరోపా ఖండానికి వచ్చి, మొదట గాల్‌లో, తరువాత 614 ప్రాంతంలో ఇటలీలోని బోబియోలో మఠాలు స్థాపించాడు. రోమన్ మహావక్త సిసిరో రాజ్యతంత్రంపై రాసిన గ్రంథంలో నేడు మిగిలినదానిలో చాలా భాగం ఎక్కడ దొరికిందో తెలుసునా? ఆ బోబియో మఠపు చర్మపత్రాల మీద. భక్తితో దాచారనుకోకండి, సిసిరో అక్షరాలను గీకేసి, పైన బైబిల్ కీర్తనలకు క్రైస్తవ గురువు అగస్టీన్ చేసిన వ్యాఖ్యానాన్ని రాసుకున్నారు. అడుగున మసకగా మిగిలిపోయిన ఆ అక్షరాలను 1819లో వాటికన్ గ్రంథాలయంలో గుర్తించారు.