ఒక రోజులో మనం తీసుకునే కెఫీన్‌ను లెక్కకట్టడం ఎలా?

నమస్కారం. ఒక రోజులో మన ఒంట్లోకి చేరే కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో లెక్కకట్టడం, ఆ మోతాదు మించితే శరీరం ఎలా ఇబ్బంది పడుతుందో తెలుసుకోవడం ఈ వీడియో ఉద్దేశం. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నిన్న ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు తాగిన ప్రతి కాఫీని, టీని, కూల్‌డ్రింక్‌ను, ఎనర్జీ డ్రింక్‌ను, తాగిన వేళతో సహా వరుసగా రాయండి.

ఇప్పుడు ఒక్కొక్కదాని పక్కన అంకె వేద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్ణయించింది కాబట్టి, 250 మిల్లీలీటర్ల డబ్బాకు 75 వేసుకోవచ్చు. లెక్క తప్పేది కప్పు కొలతలోనే. ఆఫీసులో పెద్ద మగ్గు నిండా తాగే కాఫీని ఒక కప్పుగా రాసుకుంటాం గానీ, అందులో 300 మిల్లీలీటర్లు పడితే అది రెండు కప్పుల కిందే లెక్క. చిక్కగా మరిగించిన చాయ్‌కి, కప్పు చిన్నదే అయినా, ఎక్కువ అంకెను, అంటే 65ను తీసుకోవడమే మంచిది.

మొత్తం వచ్చిందా? రోజుకు 300 మిల్లీగ్రాములు మించవద్దని పోషకాహార సంస్థ చెబుతుండగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు 400 వరకు, ఒక్కసారిగా అయితే 200 వరకు ఫరవాలేదంటోంది. గర్భిణులకు మాత్రం రోజంతటికీ కలిపి 200 చాలన్నది ఆ సంస్థ సలహా. నన్నడిగితే, సన్నగా ఉండేవారు, గుండెదడ త్వరగా వచ్చేవారు 300 అంకెనే పాటించడం భద్రం.

ఇక వేళ సంగతి. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, మెదడు కణాల మీద దాన్ని అందుకునే చోట్లకు, అంటే గ్రాహకాలకు అతుక్కొని నిద్రమత్తును కలిగిస్తుంది. కెఫీన్ చేసే పనల్లా ఆ గ్రాహకాలను ముందుగానే ఆక్రమించడం. అలసట ఎక్కడికీ పోదు, మనకు తెలియకుండా ఉంటుందంతే. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకు 100 మిల్లీగ్రాముల కాఫీ తాగినవారిలో రాత్రి 10 గంటలకు ఇంకా 50 మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి, అంటే ఇంచుమించు ఒక కప్పు ఇన్‌స్టంట్ కాఫీ తాగి పడుకున్నట్టే. గర్భం చివరి నెలల్లో ఈ వ్యవధి 15 గంటల దాకా సాగుతుంది. గర్భనిరోధక మాత్రలు, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా దీన్ని పెంచుతాయి. పొగతాగేవారిలో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది కనుక, సిగరెట్ మానేసిన వ్యక్తికి పాత అలవాటు ప్రకారం తాగే కాఫీయే హఠాత్తుగా ఎక్కువైనట్టు అనిపించవచ్చు.

మోతాదు మించినప్పుడు ముందుగా కనిపించేవి చేతుల వణుకు, గుండెదడ, కారణం లేని ఆందోళన, కడుపులో మంట. అలవాటు లేనివారిలో రక్తపోటు కొంతసేపు పెరుగుతుంది. నిద్ర చెడుతుంది, మర్నాడు ఆ మత్తు వదిలించుకోవడానికి మరో కప్పు అవసరమవుతుంది. ఇవన్నీ చూసి కాఫీని విషమనుకోనక్కరలేదు, పరిమితిలో తాగే ఆరోగ్యవంతులకు భయం లేదు.

మన అలవాట్లలో ఒకదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. టిఫిన్ ముగియగానే కాఫీ గానీ టీ గానీ తాగితే, వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఈ నింద కెఫీన్‌ది కాదు గానీ, రక్తహీనత ఉన్న స్త్రీలకు దీనివల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత ఇవి తాగవద్దన్నది పోషకాహార సంస్థ సలహా.

అసలు ప్రాణాపాయం కప్పుల వల్ల అరుదు, కెఫీన్ పొడి వల్లే ఎక్కువ. వ్యాయామానికి ముందు వాడే గాఢమైన మిశ్రమాల డబ్బాపై కెఫీన్ పరిమాణం చదవకుండా చెంచాతో కొలవకండి. శుద్ధమైన కెఫీన్ పొడి ఒక టీస్పూను దాదాపు 28 కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. దాదాపు 1200 మిల్లీగ్రాములు త్వరత్వరగా లోపలికి వెళ్తే ఫిట్స్ రావచ్చని కూడా చెప్పింది. ఆగని వాంతులు, గతి తప్పిన గుండెచప్పుడు, ఛాతీ నొప్పి, ఫిట్స్ కనిపిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పిల్లలకు ఎనర్జీ డ్రింకులు అసలు ఇవ్వకండి. ఆ మాట డబ్బా మీదే రాసి ఉంటుంది.

మీ మొత్తం 300 దాటితే, ఒక్కరోజులో అంతా మానేయవద్దు. ముందుగా సాయంత్రపు కప్పును, అది కూడా సగం సగంగా తగ్గించి, వారం తర్వాత పగటి కప్పుల జోలికి రండి. హఠాత్తుగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలై, సాధారణంగా తొమ్మిది రోజుల లోపు సర్దుకుంటాయి. అప్పటికీ తగ్గని తలనొప్పికి కారణం వేరే ఉండవచ్చు కాబట్టి, వైద్యుడికి చూపించుకోండి.