‘బాగానే ఉన్నాను’ అనడం మానేశాక

అందరికీ నమస్కారం. ఎక్కువసేపు నిలబడలేను కాబట్టి కూర్చునే మాట్లాడతాను. నాకు రొమ్ము క్యాన్సర్. ఐదేళ్ల కిందట ఎముకలకు పాకింది. పూర్తిగా నయం కాదని డాక్టర్ ఆ రోజే చెప్పారు. అదుపులో పెట్టే మందులు ఉన్నాయని కూడా ఆ రోజే చెప్పారట. మొదటి మాట విన్నాక రెండోది నా చెవిన పడలేదు. మా ఆయన దాన్ని రాసుకుని, వారం తర్వాత నాకు చదివి వినిపించారు. అందుకే కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. భయంలో ఉన్నవాళ్లకు సగమే వినబడుతుంది. మిగతా సగం రాసుకోవడానికి ఒకరు పక్కన ఉండాలి.

ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ‘బాగానే ఉన్నాను’ అనే మాట గురించి.

మొదటి ఏడాది ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ నర్సు అడిగేది, "సున్నా నుంచి పది దాకా చెప్పండమ్మా, నొప్పి ఎంత?" అని. పక్కనే మా ఆయన కూర్చుని ఉండేవారు. "రెండు" అనేదాన్ని. ఎప్పుడూ రెండే. కానీ రాత్రిపూట ఒత్తిగిలాలంటే ముందు దిండు మూల పళ్లతో గట్టిగా పట్టుకునేదాన్ని, అరుపు బయటికి రాకుండా. ఒకరోజు మా అక్క దుప్పట్లు మారుస్తూ ఆ గలీబు చూసింది. మూల నమిలి నమిలి పీలికలైపోయింది. నన్నేమీ అడగలేదు. మడతపెట్టి తన సంచిలో పెట్టుకుంది. తర్వాతిసారి ఆస్పత్రికి మాతో వచ్చింది. నేను మళ్లీ "రెండు" అనగానే, సంచిలోంచి గలీబు తీసి బల్ల మీద పెట్టి, "ఇది చూసి మీరే వేసుకోండమ్మా నంబరు" అంది.

ఆ రోజే మందు మార్చారు. తుంటి ఎముకకు ఒకే ఒక్కసారి రేడియేషన్ ఇచ్చారు. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పి చాలామందిలో అలా ఒక్క విడతతోనే తగ్గుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. కొన్ని వారాలకు పక్కకు తిరిగి పడుకోగలిగాను. ఏడాదిపాటు పళ్లబిగువున నేను భరించిన నొప్పికి వైద్యం మొదటి నుంచీ ఉంది. నేను చెప్పలేదు, అంతే. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎందుకు చెప్పం? ఇంట్లోవాళ్లు కుంగిపోతారని. నొప్పి పెరిగిందంటే జబ్బు ముదిరిందంటారని, ఉన్న మందు కూడా ఆపేస్తారేమోనని. ఇంకోటి మార్ఫిన్ భయం. ఆ పేరు వినగానే ఇక చివరి రోజులే అనుకుంటాం, లేకపోతే అలవాటు పడిపోతామని టెన్షన్. నాకూ ఉండేది. మార్ఫిన్ నొప్పికి ఇచ్చే మందు. చావు దగ్గర పడిందని ఇచ్చేది కాదు. డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేసుకుంటూ ఎంతోమంది తమ పనులు తాము చేసుకుంటున్నారు. మొదటి కొద్ది రోజులు మగతగా ఉంటుంది, తర్వాత చాలావరకు తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, వేసుకున్నన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి దానికి మందు కూడా మొదటి రోజే అడిగి తీసుకోండి. చెప్పడానికి సిగ్గుపడే విషయం అని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను. కొంతమంది ఆ ఇబ్బంది తట్టుకోలేక నొప్పి మందే మానేస్తున్నారు.

కొన్ని విషయాలు మర్నాటి దాకా కూడా ఆగకుండా చెప్పాలి. కొత్తగా నడుమునొప్పి, దాంతోపాటు కాళ్లలో బలం తగ్గడం, మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం వంటివి ఉంటే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండవచ్చు. గంటలు కూడా విలువైనవే. కీమో జరుగుతున్నప్పుడు జ్వరం వచ్చినా అంతే, అర్ధరాత్రి అయినా ఫోన్ చేయండి.

చెప్పుకుంటే ఏమవుతుందో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో పరీక్షించి చూశారు. క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకి, కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టువాళ్లు నొప్పి, వాంతులు, ఆయాసం లాంటి 12 బాధల గురించి ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసేవాళ్లు. బాధ పెరిగితే నర్సుకు కబురు వెళ్లేది, ఆమె ఏదో ఒకటి చేసేది. 2017లో ఫలితాలు వచ్చాయి. మామూలు జట్టులో సగం మంది 26 నెలలు దాటి బతికితే, చెప్పుకున్న జట్టులో సగం మంది 31 నెలలు దాటి బతికారు. వాళ్లకు కొత్త మందేమీ ఇవ్వలేదు. తమ బాధ చెప్పారు, అవతల వినేవాళ్లు ఉన్నారు.

ఇక అందరూ ఇచ్చే సలహా, "పాజిటివ్‌గా ఉండు, ధైర్యంగా ఉండు." ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట విన్న రోజున ఏడుపొస్తే, నా ఏడుపే గడ్డను పెంచుతోందేమోనని వణికిపోయేదాన్ని. తల, మెడ క్యాన్సర్లు ఉన్న 1,093 మందిని పరిశీలించి 2007లో ఒక అధ్యయనం వెలువరించారు. మనసు ఎలా ఉందన్నదానికీ ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనిపించలేదు. నాకు దీనికంటే ఊరట కలిగించిన వార్త లేదు. ఏడవండి. దానివల్ల మీ జబ్బేమీ పెరగదు. అయితే రోజుల తరబడి నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా అదీ ఒక బాధే, దానికీ వైద్యం ఉంది. నొప్పిలాగే చెప్పుకోవాలి.

సిసిలీ సాండర్స్ అనే ఆవిడ మొదట నర్సు, తర్వాత ఆస్పత్రిలో రోగులకు సాయపడే సామాజిక కార్యకర్త, ఆపైన చదివి డాక్టర్ అయ్యారు. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మాటలు ఓపిగ్గా విన్నారు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, కుటుంబం గురించిన బెంగ, ‘నాకే ఎందుకు’ అనే ప్రశ్న, ఇవన్నీ కలిసిందే ఒక మనిషి నొప్పి అని ఆవిడ చెప్పారు. 1967లో లండన్‌లో అలాంటివాళ్లను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. పాలియేటివ్ కేర్ అని, అంటే నొప్పినీ మిగతా బాధలనూ తగ్గించే వైద్యం అని, ఇప్పుడు మనం అంటున్నది అక్కడి నుంచి పెరిగినదే. ఆ పేరు చెబితే ఇళ్లలో ముఖాలు మాడిపోతాయి, ఇక ఆశ వదులుకున్నట్టే అని. కానీ ఇతర అవయవాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో బోస్టన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. క్యాన్సర్ చికిత్సతోపాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్లలో దిగులు తక్కువగా ఉంది, రోజులు మెరుగ్గా గడిచాయి. వాళ్లు సగటున ఎక్కువ కాలమే బతికారు కూడా. చివర్లో అడిగేది కాదిది. మొదట్లోనే అడగండి.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు కూడా వచ్చారు కాబట్టి మీతో ఒక మాట. "ఏమైనా కావాలంటే చెప్పు" అని వెళ్లిపోకండి. అలసిపోయినవాళ్లకు ఏం కావాలో ఆలోచించి చెప్పడం కూడా పనే. "బుధవారం ఆస్పత్రికి నేను తీసుకెళ్తాను" అనండి. నాకు ఒక స్నేహితురాలు ఉంది. వచ్చి కూర్చుంటుంది, ఉతికిన బట్టలు మడతపెడుతుంది, నేను నిద్రపోతే తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోతుంది. జబ్బు గురించి అడగదు, నేనే ఎత్తితే వింటుంది. రోగిని చూసుకునేవాళ్లూ అలసిపోతారు. వారానికి ఒక పూట మా ఆయన్ని బయటికి పంపించడానికి నేను పోట్లాడాల్సి వచ్చింది.

పిల్లల దగ్గర దాచకండి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, "నేను అల్లరి చేసినందుకే నీకు ఇలా అయ్యిందా అమ్మా?" అని అడిగింది. మేం గుసగుసలాడుకుంటుంటే తనకు తానే కథ అల్లుకుంది. జబ్బు పేరు చెప్పాం, నీ తప్పు లేదని చెప్పాం, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నిన్ను ఎవరు చూసుకుంటారో చెప్పాం. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత దీపం ఆర్పి పడుకుంది.

ఆశ సంగతి అడుగుతారు మీరు. స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్తకు 1982లో అరుదైన క్యాన్సర్ వచ్చింది. ఆ జబ్బు ఉన్నవాళ్లలో సగం మంది 8 నెలల్లో పోతారని చదివారు. మరి మిగతా సగం సంగతేమిటని ఆయన అడిగారు. ఆ సగంలో కొందరు ఏళ్ల తరబడి బతుకుతారని లెక్క వేసుకున్నారు. మరో 20 ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయారు. అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పను. మా క్యాన్సర్ రోగుల బృందంలో మొదట కలిసిన వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్లతో గడిపిన సాయంత్రాల వల్ల నా ఆయుష్షు పెరిగిందో లేదో తెలియదు, భయం మాత్రం సగమైంది. ఇప్పుడు నా ఆశలు చిన్నవి, దగ్గరివి. మూడు నెలలకు ఒకసారి స్కాన్, ఆ మూడు నెలలకు సరిపడా ఆశ. ఈసారిది మా అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా.

వచ్చే గురువారం మళ్లీ స్కాన్ ఉంది. అక్క వస్తోంది. నర్సు నంబరు అడిగితే ఏం చెప్పాలో నిన్ననే తనకు చెప్పి పెట్టాను. ఈ వారం నాలుగు. నిజంగా నాలుగే.