మూడు ఓఎస్‌లకీ ఒకటే స్క్రిప్ట్ కుదురుతుందా? పవర్‌షెల్ 7 రివ్యూ

హాయ్ అండీ, ఇవాళ ఫోన్ లేదు ఇయర్‌బడ్స్ లేవు, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే స్క్రీన్) రివ్యూ. నా దగ్గర విండోస్ ల్యాప్‌టాప్, మ్యాక్, ఓ పాత డబ్బాలో ఉబుంటు లినక్స్ ఉన్నాయి, పెద్ద ఫైల్స్ ఏరే బుల్లి స్క్రిప్ట్‌ని మూడింట్లో మూడు రకాలుగా రాసి రాసి విసుగొచ్చి, నెల రోజులు పవర్‌షెల్ 7 (మనం టైప్ చేసిన కమాండ్లు నడిపే మైక్రోసాఫ్ట్ టూల్) మాత్రమే వాడా.

లినక్స్‌లో, మ్యాక్‌లో ఇదే పని చేసే బాష్ ఉందిగా బ్రో అంటారు, తెలుసు. చూడండి, ఉబుంటులో సెడ్ మైనస్ ఐ (ఫైల్‌లో మాటలు మార్చే కమాండ్) కొట్టా, ఫైల్‌లో మాట మారిపోయింది. అదే లైన్ మ్యాక్‌లో పేస్ట్ చేస్తున్నా... ఎర్రర్! మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ సెడ్ అనే వేరే రకం, దానికి మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ (పాత కాపీ పేరు చివర తగిలించే తోక) కావాలి, ఇవ్వకపోతే మన కమాండ్‌నే ఎక్స్‌టెన్షన్ అనుకుని ఫైల్ పేరుని కమాండ్‌లా చదివేస్తుంది. పైగా యాపిల్ ఇచ్చే బాష్ ఇంకా 3.2 దగ్గరే ఆగింది, 2006 నాటి సరుకు.

పవర్‌షెల్‌ని 2016లో ఓపెన్ సోర్స్ చేశారు, లినక్స్‌కీ మ్యాక్‌కీ అప్పుడే వచ్చింది. నాకు బాగా నచ్చింది ఏంటంటే పైప్‌లో (ఒక కమాండ్ నుంచి ఇంకో కమాండ్‌కి) వెళ్ళేది టెక్స్ట్ కాదు, పేరు, సైజు లాంటివి విడివిడిగా ఉండే ఆబ్జెక్ట్, అందుకే టెక్స్ట్‌ని ముక్కలు చేసే ఆక్ కమాండ్‌తో కాలమ్స్ లెక్కపెట్టే గోల లేదు, ఫైల్స్ లిస్ట్ ఇచ్చే గెట్ చైల్డ్ ఐటెమ్ కొట్టి లెంగ్త్ (అంటే ఫైల్ సైజు) 100 ఎంబీ కంటే ఎక్కువున్నవి అంటే అంతే, 100 ఎంబీ అని అలాగే రాయొచ్చు కూడా.

కానీ ఒక చోట బొక్కబోర్లా పడ్డా. బద్ధకానికి గెట్ చైల్డ్ ఐటెమ్ బదులు ఎల్‌ఎస్ అని రాశా. విండోస్‌లో అది షార్ట్‌కట్టే, చక్కగా నడిచింది. ఉబుంటులో ఎర్రర్ లేదు, రిజల్టూ లేదు! గంట కూర్చున్నాక వెలిగింది, అక్కడ ఎల్‌ఎస్ అంటే లినక్స్ వాడి అసలు ఎల్‌ఎస్, అదిచ్చేది ఉత్త ఫైల్ పేర్లు, పేరుకి లెంగ్త్ అంటే అక్షరాల లెక్క, అంటే నేను వెతుకుతున్నది పది కోట్ల అక్షరాల పేరున్న ఫైల్ కోసం అన్నమాట. స్క్రిప్ట్‌లో షార్ట్‌కట్లు వాడకండి బాబూ.

ఇంకోటి, విండోస్‌తో వచ్చే నీలం స్క్రీన్ పవర్‌షెల్ 5.1 వెర్షన్, 7 వేరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. బీఓఎం (ఏ ఎన్‌కోడింగో చెప్పే, ఫైల్ మొదట్లో ఉండే గుర్తు) లేని యూటీఎఫ్-8 స్క్రిప్ట్‌లో తెలుగు మెసేజ్ పెడితే 5.1లో పిచ్చి గీతలొస్తాయి, 7లో "పని అయిపోయింది" అని శుభ్రంగా వస్తుంది.

ఓపెన్ అవ్వడానికి మాత్రం బాష్ కంటే టైమ్ తీసుకుంటుంది, అందుకే ఉబుంటులో రోజువారీ పనికి మళ్ళీ బాష్‌కే వెళ్ళిపోయా, మూడింట్లో తిరగాల్సిన స్క్రిప్ట్‌లే దీన్లో ఉంచా. పదికి ఏడున్నర.