పంటి బిగువున

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ పాఠకులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు చెప్పినవాటిలో సగం నిజం. ఆ సగం ఏదో అడగకండి.

ఇవాళ మార్చి 20, ప్రపంచ నోటి ఆరోగ్య దినోత్సవం. ఏటా ఈ రోజున బ్రష్షు ఎలా పట్టుకోవాలో చెప్పమంటారు, చెప్పి వెళ్లిపోతాను. ఈసారి కార్యదర్శి గారు 'దీర్ఘకాలిక దవడ కీలు నొప్పి, దంతవైద్య చికిత్సలు' అనే విషయం ఇచ్చారు. ఆయనకే ఆ నొప్పి ఉందని ఆటోలో వస్తుంటే తెలిసింది. చికిత్సలన్నీ వరుసగా అంకెలు వేసి రాసుకుని వచ్చాను. ఆ కాగితం జేబులో ఉంది.

ముందు ఒక చిన్న పని చేద్దాం. రెండు చూపుడు వేళ్లు చెవులకు కాస్త ముందు ఆనించండి. నోరు మెల్లగా తెరవండి, మూయండి. వేళ్ల కింద ఏదో గుండులాంటిది కదిలింది కదా? అదే దవడ కీలు. నోరు కొంత తెరిచేవరకు అది తలుపు బందులా తిరుగుతుంది, ఆ తర్వాత గుంటలోంచి ముందుకు జారుతుంది. మధ్యలో పల్చని బిళ్ల ఒకటి మెత్తలా ఉండి దానితోపాటే జారుతుంది. ఎడమ కీలు, కుడి కీలు రెండూ ఒకే ఎముకకు రెండు కొసలు. కావడిబద్దలా ఒక కొస కదిలితే రెండోది ఊరుకోదు.

కొందరికి టక్కుమని వినబడి ఉంటుంది. భయపడకండి. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటున్నంత కాలం ఆ చప్పుడుకు వైద్యం అక్కర్లేదు. ఆ చప్పుడు పోగొడతానని ఎవరైనా అంటే కుర్చీ దిగి వచ్చేయండి.

ఇప్పుడు మూడు వేళ్లు నిలువుగా ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి. ఎవరి వేళ్లు వాళ్లవే. పట్టాయా? అంటే సుమారు 40 మిల్లీమీటర్లు, చాలు. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు పట్టకపోతే కీలును తిట్టకండి. బుగ్గల లోపలి పొర బిరుసెక్కిపోయి ఉంటుంది, అది కేన్సర్‌కు దారితీయగల జబ్బు. దానికి వేరే సభ పెట్టండి, పిలవకపోయినా వస్తాను.

ఇక మూడోది. ఎవరూ కదలకండి. ఈ క్షణాన మీ పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా?

నవ్వుతున్నారు. సగం మంది ఇప్పుడే విడదీశారు, ఇక్కడినుంచి కనబడుతూనే ఉంది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు కలవాల్సిన పని లేదు. పెదవులు మూసి ఉండాలి, పళ్లు ఎడంగా ఉండాలి. నెమ్మదిగా 'న' అనండి, నాలుక అక్కడే ఆపండి. పై పళ్ల వెనక, అంగిలికి ఆని ఉంది కదా? నాలుక అక్కడ ఉన్నంతసేపు పళ్లు బిగించడం కష్టం. కాగితంలో ఇది ఏడో అంశం, ముందే చెప్పేశాను.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోపం వస్తే పళ్లు నూరతాం, పటపటా కొరుకుతాం. కష్టం వస్తే పంటి బిగువున భరిస్తాం. భరించినవాళ్లను మెచ్చుకుంటాం కూడా, అందులోనూ ఆడవాళ్లను మరీ మెచ్చుకుంటాం. ఈ నొప్పితో మా దగ్గరికి వచ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ. కారణం బిగువు ఒక్కటే అని అనను. పుట్టుకతో వచ్చిన తీరు, నిద్ర చాలకపోవడం, ఆందోళన, ఎప్పటిదో దెబ్బ, ఒంట్లో ఇంకోచోట ఉన్న పాత నొప్పి, ఇవన్నీ కలుస్తాయి. దెబ్బ అంటే గుర్తొచ్చింది. ఆంజనేయుడికి ఆ పేరు దవడ వల్లనే వచ్చింది. హనువు అంటే దవడ. ఇంద్రుడి వజ్రాయుధం తగిలి ఎడమ దవడ విరిగింది. సముద్రం దాటినా, లంక కాల్చినా, దవడ దెబ్బే పేరుగా నిలిచింది.

సరే, కాగితం. మొదటి చికిత్స... ఉండండి. ముందు ఒకావిడ గురించి చెప్పాలి. చెప్పకుండా మిగతాది చదివితే నాకే బాగుండదు.

1993 వేసవి. కొత్త డిగ్రీ, కొత్త బోర్డు, అప్పు చేసి కొన్న కొత్త కుర్చీ. తెనాలిలో కుట్టుపని చేసుకునే ఒకావిడ వచ్చింది. పేరు చెప్పను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఆవిడే ఒప్పుకుంది. ఎడమ చెవిలో పోటు. చెవి డాక్టరుకు రెండుసార్లు చూపించుకుంది, చెవి శుభ్రంగా ఉందన్నారు. పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టు ఉంటుంది, సాయంత్రానికి కణతలు లాగుతాయి. చెవి ముందు నొక్కితే ఉలిక్కిపడింది. బుగ్గ కండరం నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఎంత సంతోషం వేసిందో! చదివిన పాఠమంతా వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ పాఠం ఏమిటంటే, పళ్లు సరిగా కలవకపోతే దవడ పక్కకు జరిగి కీలు చెడుతుంది, కాబట్టి ఎత్తుగా తగిలే చోట్లు అరగదీయాలి. ఆవిడ పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి "ఠక్ ఠక్ కొట్టండమ్మా" అన్నాను. దవడ పళ్ల మీద నీలం చుక్కలు పడ్డాయి. డ్రిల్లుతో ఆ చుక్కలు చెరిపాను. మళ్లీ కాగితం, మళ్లీ చుక్కలు, మళ్లీ డ్రిల్లు. గదంతా గోరు కాలిన వాసన. ఎడమవైపు నాలుగు పళ్లు. ఒక్కదానికీ పుచ్చు లేదు, నొప్పి లేదు, ఏ పాపమూ ఎరుగని పళ్లు. "ఇప్పుడెలా ఉంది?" అన్నాను. "తేలిగ్గా ఉంది డాక్టరు గారూ" అంది.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. "ఇప్పుడు కుడివైపు ఎత్తుగా తగులుతోందండీ." అక్కడా అరగదీశాను. ఇంకో నెలకు వచ్చి, కూర్చోకుండా నిలబడే అంది: "అసలు పళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదండీ."

ఈ మాట మళ్లీ చెబుతాను. పళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదండీ. అన్నేళ్ల జీవితంలో పళ్ల చోటు గురించి ఒక్కసారి ఆలోచించని మనిషి, ఇప్పుడు రోజంతా ఎక్కడ తగులుతోందో కొరికి చూసుకుంటోంది. కొరికి చూసుకోవద్దని చెప్పాల్సినవాణ్ణి, దగ్గరుండి నేర్పించాను.

ఆవిడ రావడం మానేసింది. ఏడాది తర్వాత, మా ఇంట్లో జాకెట్టు గుడ్డ ఇచ్చి రమ్మంటే ఆ కొట్టుకు వెళ్లాను. స్టూలు మీద పది నిమిషాలు కూర్చున్నాను. కుట్టు అయిన ప్రతిసారీ గుడ్డ మూతి దగ్గరికి తెచ్చి, కింది దవడ ముందుకు చాపి, ముందు పళ్లతో దారం పుటుక్కున తెంపుతోంది. మెడ మలుపు కుట్టేటప్పుడు కణత దగ్గర కండరం ఉబికి కనబడుతోంది, అంతసేపూ పళ్లు బిగించే ఉన్నాయన్నమాట. ఆ పది నిమిషాల్లోనే తెలిసింది, భర్తకు మూత్రపిండాల జబ్బని, ఆవిడ రాత్రి రెండు గంటలకు ముందు పడుకోదని. దారమే కారణమని నేను ప్రమాణం చేయను. కానీ ఇవేవీ నేను అడగలేదు. ఆవిడ నోట్లోకి గంటల తరబడి చూసినవాణ్ణి, పగలేం చేస్తావమ్మా, రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్క మాట అడగలేదు.

మర్నాడు చిన్న కత్తెర కొని మిషనుకు తాడుతో కట్టించాను. ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి తీసి మిషను చక్రం పక్కన అంటించమన్నాను. అది కంటపడినప్పుడల్లా పళ్లు విడదీయాలి, అంతే. వేడినీళ్లలో పిండిన గుడ్డతో కాపడం, కొన్నాళ్లు మెత్తని తిండి, నోటి వ్యాయామం. ఆరు నెలలకు నొప్పి బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. భర్తను ఆస్పత్రిలో చేర్చిన నెలలో తిరగబెట్టింది, మళ్లీ తగ్గింది. నేను అరగదీసిన ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, మాత్రం తిరిగి రాలేదు, అది పెరిగేది కాదు. ఇప్పటికీ ఎడమ పళ్లు జివ్వుమంటాయని ఆవిడ కుండలో నీళ్లు కూడా కుడివైపుకు వంచుకుని తాగుతుంది.

ఆ పాఠం మాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కాస్టెన్ అనే డాక్టరు ఒక వ్యాసం రాశాడు. ఆయన పళ్ల డాక్టరు కాడు, చెవి, ముక్కు, గొంతు డాక్టరు. 11 మంది రోగులను చూసి, వెనక పళ్లు ఊడి దవడ ఎక్కువగా మూసుకుపోవడం వల్ల కీలు దగ్గర నరాలు నలిగి చెవిపోటు వస్తోందన్నాడు. నరాలు అలా నలగవని శరీర నిర్మాణం తెలిసినవాళ్లు తర్వాత తేల్చారు. సిద్ధాంతం పోయింది, పళ్లదే తప్పు అన్న మాట మా వృత్తిలో ఉండిపోయింది. చెవి డాక్టరు పారేసుకున్న మాటను మేం జాగ్రత్తగా దాచుకున్నాం. ఎందుకంటే మాట్లాడటానికి ఫీజు ఇవ్వరు, అరగదీస్తే ఇస్తారు. సభలో యువ డాక్టర్లు కొందరున్నారు. కోపం వచ్చినా ఫర్వాలేదు, పళ్లు మాత్రం నూరకండి.

నేను అరగదీసినది కొన్ని పళ్లే. 1980లలో అమెరికాలో ఇంకా ఘోరం జరిగింది. కీలులోని బిళ్ల తీసేసి టెఫ్లాన్ కలిసిన కృత్రిమ బిళ్లలు పెట్టారు. నమిలే ఒత్తిడికి అవి అరిగి తునకలయ్యాయి. శరీరం ఆ తునకలతో పోరాడుతూ పక్కనున్న సొంత ఎముకనే తినేసింది. 1990ల మొదట్లో ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకోమంది. అప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకుంటూ బతికారు.

చిట్టీ వచ్చింది. పది నిమిషాలట. కార్యదర్శి గారూ, మీ నొప్పి కోసమే కదా ఈ సభ!

కాగితంలోది గబగబా చదివేస్తాను. 2023 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ దీర్ఘకాలిక నొప్పికి మార్గదర్శకాలు ప్రచురించింది. గట్టిగా చేయమన్నవి ఏవంటే, మనసు, అలవాట్ల మీద పనిచేసే మాటల చికిత్స, నిపుణుల దగ్గర దవడ వ్యాయామం, సాగదీత, మెడ వీపు నిలబెట్టే తీరు సరిచేసే వ్యాయామం, చేత్తో కండరాలు సడలించడం, ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు. గట్టిగా వద్దన్నవి: పళ్ల కలయికను శాశ్వతంగా మార్చేసే పరికరాలు, బిళ్ల కోసి తీసేసే ఆపరేషన్. రాత్రి పళ్లకు తొడుక్కునే మామూలు నైట్ గార్డు, కీలులోకి సూది వేసి కడగడం, కండరాన్ని సడలించే బొటాక్స్ సూది, వీటిని సాధారణంగా వద్దనే అంది. నా మాట కూడా వినండి. రాత్రి పళ్లు కొరికేవాళ్లకు పళ్లు అరిగిపోకుండా నైట్ గార్డు ఇస్తాను, ఇప్పటికీ ఇస్తాను. అది నొప్పికి మందు అని చెప్పి అమ్మను. పెట్టుకున్నాక పళ్లు కలిసే తీరు మారుతోందనిపిస్తే తీసేసి డాక్టరుకు చూపించాలి. ఇక క్లిప్పులు వేసి వంకర సరిచేస్తే కీలు నొప్పి పోతుందంటారు. అందం కోసమైతే వేయించుకోండి. నొప్పి కోసం మంచి పళ్లు అరగదీయించుకోవడం, పీకించుకోవడం, తొడుగులు వేయించుకోవడం చేయకండి. ఎదుట ఎంత పెద్ద డాక్టరున్నా, "ఇది తిరిగి మునుపటిలా అవుతుందా?" అని అడగండి. కాదంటే ఇంటికి వచ్చేయండి.

దవడ నొప్పి అంతా కీలుది కాదు. నడిస్తే, మెట్లెక్కితే దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. యాభై దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే నొప్పి, నమిలితే దవడ అలసట, చూపు మసక, ఇవి కలిసి వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. తెరిచిన నోరు మూతపడకుండా ఇరుక్కుపోతే ఇంట్లోవాళ్లు గుద్దకండి, దగ్గర్లోని డాక్టరుకు చూపించండి. ఒకసారి అలా జరిగినవాళ్లు ఆవలించేటప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకోవాలి. మూడో వరుసలో పెద్దాయన సరిగ్గా అలాగే ఆవలిస్తున్నారు, సంతోషం.

ఆవిడను ఇవాళ రమ్మని పిలిచాను. ఉగాదికి ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకా ఇరవై ఉన్నాయట, కుదరదంది. బొట్టుబిళ్ల మాత్రం ఇప్పటికీ మిషను మీద ఉంది. ఒకే చోట ఉంటే కంటికి అలవాటైపోతోందని చోటు మారుస్తూ ఉంటుందట. ఈ నెల సూది పక్కకు చేర్చింది. అది నేను చెప్పింది కాదు, ఆవిడే కనిపెట్టుకుంది.

బయట టీ, మిరపకాయ బజ్జీలు వచ్చినట్టున్నాయి. బజ్జీ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోకండి, తుంచుకుని తినండి. ప్రశ్నలున్నవాళ్లు అక్కడే అడగండి.