రోహిణిలో వాన పడితే కాలం మారినట్టేనా?

(2025 జూన్ చివరి వారం. ఫోన్-ఇన్ కార్యక్రమం. అతిథి వ్యవసాయ వాతావరణ విభాగంలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త.)

యాంకర్: అందరికీ నమస్కారం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈసారి పగలడం సంగతి అటుంచి, చాలా ఊళ్లలో రోళ్లలో వాననీళ్లు నిలిచాయి. ఇవాళ మాట్లాడేది దాని గురించే. మొదటి ఫోన్ జనగామ నుంచి. చెప్పండన్నా.

కాలర్ (జనగామ): నమస్తే మేడం, నమస్తే సార్. నాకు మూడెకరాల చేను. నైరుతి ముందే వచ్చిందని టీవీలో చెప్పారు. మా దగ్గర కూడా మే ఆఖర్లో రెండు వానలు పడ్డాయి. అదను పోతుందేమోనని పత్తి గింజలు పెట్టేశాను. ఆ తర్వాత పదిహేను రోజులు చుక్క లేదు. సగం మొలక ఎండిపోయింది. కాలం మారిపోయినట్టేనా సార్? ఇక కార్తెలు చూసుకోవడం మానేయాలా?

అతిథి: ఒక్క మాట చెప్పండి. గింజ పెట్టిన రోజు నేల ఎంత లోతు తడిసింది?

కాలర్: అది చూడలేదు సార్. పక్క చేనువాళ్లు పెడుతుంటే నేనూ పెట్టేశాను.

అతిథి: సరే, లైన్లోనే ఉండండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ఈ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళలో అడుగుపెట్టాయి. మామూలుగా జూన్ 1. వినగానే ఏదో అయిపోయిందనిపిస్తుంది. కానీ రికార్డు తిరగేస్తే 1918లో మే 11కే వచ్చాయి, 1972లో జూన్ 18 దాకా రాలేదు. కాబట్టి వచ్చిన తేదీ ఒక్కటే పట్టుకుని వాతావరణం మారిందనీ చెప్పలేం, మారలేదనీ చెప్పలేం. ముందొచ్చింది కదా, బాగా కురుస్తుందనుకోవడం అంతకంటే పొరపాటు. ఆ 1918 ఘోరమైన కరువు ఏడాది. 2009లోనూ మే 23కే వచ్చాయి. సీజన్ ముగిసేసరికి దేశం మొత్తం మీద 22 శాతం లోటు. అంత లోటు ఏడాదిలో, అక్టోబర్ మొదట్లో, కర్నూలు మునిగింది.

యాంకర్: మా మేనమామ వాళ్లది కర్నూలే సార్. మేడ మీద కూర్చుని తెల్లారేదాకా నీళ్లు చూస్తూనే ఉన్నామని ఇప్పటికీ చెబుతాడు.

అతిథి: చూశారా. ఈసారి కూడా మే 29 దాకా పరుగెత్తుకొచ్చి, జూన్ 16 దాకా ముందుకు కదల్లేదు. మన అన్న మొలక ఎండింది ఆ మధ్యలోనే. ఇక కార్తెలంటారా, అవి సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూసి పెట్టుకున్న లెక్క. రుతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. సామెత పుట్టిన రోజుల్లో రోహిణి ఇప్పటికంటే కొన్నాళ్లు ముందే వచ్చేది. అది మనం చేసిన మార్పు కాదు, భూమి తిరిగే తీరు అంతే.

యాంకర్: అవనిగడ్డ నుంచి ఒక మాస్టారు.

కాలర్ (అవనిగడ్డ): నేను 1977 నవంబర్ 19 ఉప్పెన కళ్లారా చూసినవాణ్ణండి. మా దివిసీమలో వేలమంది పోయారు. అంతకుముందు 1908లో మూసీ హైదరాబాదును ముంచింది. అప్పుడెక్కడిదండీ ఈ గ్లోబల్ వార్మింగు? ఇప్పుడు చినుకు పడినా అదే, పడకపోయినా అదే!

అతిథి: మీ కోపంలో సగం నాదీనండి మాస్టారూ. ఉప్పెనలు, వరదలు ఎప్పుడూ ఉన్నాయి. బంగాళాఖాతంలో తుఫానుల సంఖ్య పెరిగిందని కూడా రికార్డులు చెప్పడం లేదు. నగరాలు మునగడంలో చెరువులు పూడ్చిన మన పాపం కూడా ఉంది. అన్నీ వాతావరణం నెత్తిన రుద్దితే మనకు హాయి, అంతే. మీ ఇంట్లో పాడి ఉందా?

కాలర్: రెండు గేదెలున్నాయండి.

అతిథి: పాలకేంద్రంలో ఒక పూట వెన్న శాతం పడిపోతే గేదె చెడిపోయిందంటారా?

కాలర్: ఎందుకంటానండీ. ఆ పూట మేతను బట్టి ఉంటుంది.

అతిథి: మరి నెలల తరబడి పుస్తకంలో అంకె ఒకేవైపు పోతుంటే?

కాలర్: అప్పుడు డాక్టరును పిలవాల్సిందే.

అతిథి: మేమూ అదే చేస్తామండి. మా పుస్తకం 30 ఏళ్లది. వాతావరణ శాఖ ఇప్పుడు సాధారణ ఉష్ణోగ్రత అని చెప్పేది 1991 నుంచి 2020 దాకా తీసిన సగటు. ఇంకా వెనక్కి, పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే భూమి సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. రికార్డుల్లో అన్నిటికంటే వేడి సంవత్సరం 2024. గాలిలో కార్బన్ డయాక్సైడ్ అప్పట్లో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు, ఇప్పుడు 420 దాటింది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. పట్టుకున్నది ఎక్కడో ఒకచోట దించాలి కదా. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. హైదరాబాదులో ఏడాదంతా పడేదే సుమారు 80. ఆ ఒక్క వాన ఫలానా కారణం వల్లేనని నేను సంతకం పెట్టను. అలాంటి వానలకు వీలు పెరిగిందంటే మాత్రం పెడతాను.

కాలర్: సంతకం దగ్గర జాగ్రత్తగానే ఉన్నారండీ! (నవ్వు)

యాంకర్: హైదరాబాద్, అమీర్‌పేట నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్ (హైదరాబాద్): సార్, నాకు పగలు ఎండతో బాధ లేదు, రాత్రుళ్లతోనే టెన్షన్. మా చిన్నప్పుడు మేడ మీద చాపలు వేసుకుని పడుకునేవాళ్లం. ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఇదీ అదేనా?

అతిథి: రెండూ కలిశాయమ్మా. గోడ కాలడం ఎక్కువగా ఊరి పుణ్యమే. సిమెంటు పగలంతా వేడి తాగి రాత్రి కక్కుతుంది, ఏసీలు ఇంకాస్త బయటికి తోస్తాయి. దానికింద భూమి వేడి కూడా నెమ్మదిగా పెరుగుతోంది. ఏది ఎంతో తెలియాలంటే మీ ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉన్న వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చాలి. మీ వరకు చెయ్యగలిగింది, మేడ మీద తెల్ల సున్నం కొట్టించండి. పెద్దవాళ్లుంటే రాత్రిపూట కూడా నీళ్లు తాగించండి. పగటి ఎండతో పాటు చల్లబడని రాత్రి కూడా వాళ్లను దెబ్బతీస్తుంది.

యాంకర్: ఒక వాట్సాప్ మెసేజ్ గురించి కాకినాడ నుంచి అడుగుతున్నారు. భూమి సూర్యుడికి దూరంగా పోతోందట, ఆగస్టు దాకా చలి, జ్వరాలట. నిజమేనా?

అతిథి: పాపం, అది ఏటా వస్తుంది, వినాయక చవితి చందా వచ్చినట్టు! జులై మొదటి వారంలో భూమి దూరంగా ఉండటం నిజమే, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. జనవరిలో దగ్గరగా, 14.7 కోట్లు. మరి మనకు చలి ఎప్పుడమ్మా? జనవరిలోనే కదా! డిలీట్ చేయమనండి.

యాంకర్: జనగామ అన్న ఉన్నారా?

కాలర్ (జనగామ): ఉన్నాను మేడం. సార్, నిన్న సాయంత్రం మళ్లీ వాన పడింది. ఖాళీల్లో గింజ పెట్టనా?

అతిథి: మొత్తం 60, 70 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి గింజ పెట్టాలి. తేలిక నేలైతే ఇంకాస్త తక్కువైనా పర్వాలేదు. కొలిచే పరికరం లేదంటారా? జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే పెట్టండి, రాలిపోతే ఆగండి. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది కూడా వేసుకోండి, ఒకటి పోయినా ఒకటి చేతికొస్తుంది.

కాలర్: గడ్డపార ఇక్కడే ఉంది సార్. తవ్వి చెబుతాను, ఫోన్ పెట్టేయకండి.

యాంకర్: అన్నా, మాకింకా రెండు నిమిషాలే ఉంది...

కాలర్: ఒక్క నిమిషం మేడం. (తవ్వుతున్న చప్పుడు) పైన బాగానే ఉంది సార్... కింద పొడిగానే ఉంది.

అతిథి: అయితే ఇవాళ వద్దు.